రాజావారి ఊళ్ళో ఓ పూట నడక

అమరావతి అనగానే ఇప్పుడు చాలామందికి రాజధాని గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. దానికి తన పేరు అరువిచ్చిన అసలు ఊరి గురించి. కృష్ణ ఒడ్డున, గుంటూరుకు ముప్ఫై అయిదు కిలోమీటర్ల దూరంలో, అమరేశ్వరస్వామి గుడి చుట్టూ అల్లుకుని ఉన్న పాత అమరావతి గురించి. ఇంకా చెప్పాలంటే, ఆ ఊరిని పట్టుబట్టి కట్టించిన మనిషి గురించి. ఆయన పేరు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. మన గుంటూరు జిల్లాలో ఆ పేరు వినని ఇల్లు ఉండదు. పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆయన్ని రాజావారనే అంటారు.

నేను ఈ జిల్లాకు కోడలిగా వచ్చి పదిహేనేళ్ళు దాటింది. మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా మా అత్తగారు కడుపునిండా భోజనం పెడతారు. మర్నాడు పొద్దున్నే వాళ్ళను అమరావతి తిప్పి తీసుకురావడం నా వంతు. అలా ఎంతమందిని తిప్పానో లెక్కలేదు. ఆడపడుచులు, వాళ్ళ పిల్లలు, హైదరాబాదు నుంచి వచ్చే మా పిన్ని, అమెరికా నుంచి సెలవులకొచ్చే మేనకోడలు... ఊరంతా కాలినడకనే చూపిస్తాను. కారులో వెళితే గుడి ఒక్కటే కనిపిస్తుంది. నడిస్తే ఒక మనిషి జీవితం మొత్తం కనిపిస్తుంది. నమ్మరా? అయితే నాతో రండి.

రేవు దగ్గర

మాఘ ఫాల్గుణాల్లో వెళితే దారి పొడుగునా చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. లాం దాటిన దగ్గర్నుంచి నల్లరేగడి చేలు. ఒకవైపు తీతలు అయిపోయి గులాబీరేకుల్లాగా ఎండిన పత్తి కాయలు, మరోవైపు కళ్ళాల్లో ఎర్రటి దుప్పటి పరిచినట్టు ఆరబోసిన మిరపకాయలు. బస్సు కిటికీ తెరిచి ఉంటే ఆ ఘాటుకు తుమ్ములు ఆగవు. ఆ కళ్ళాల్లో ఎండలో కూర్చుని తాలుకాయలు ఏరేది ఎక్కువగా ఆడవాళ్ళే.

ఊళ్ళో దిగాక నేను ముందు రేవుకే తీసుకెళతాను. మెట్ల మీద కూర్చోబెట్టి, కృష్ణకు ఎగువ వైపు చూపిస్తాను. అటువైపు ఇదే నది ఒడ్డున చింతపల్లి ఉంది. వాసిరెడ్డివారి పాత రాజధాని అదే. కథ మొదలయ్యేది అక్కడే.

వేంకటాద్రి నాయుడు 1761లో పుట్టారు. జమీందారీ చేతికొచ్చింది 1783లో, అంటే ఇరవై రెండేళ్ళ వయసులో. కృష్ణకు అటూ ఇటూ పరుచుకున్న పెద్ద జమీందారీ అది, అయిదు వందలకు పైగా ఊళ్ళు. వినడానికి ఎంతో వైభవంగా ఉంటుంది గానీ, ఆ రోజుల్లో జమీందారు బతుకు రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన బతుకే. నదికి ఉత్తరాన ఉన్న కొండపల్లి సర్కారు అప్పటికే ఇంగ్లీషు కంపెనీ కింద ఉంది. దక్షిణాన గుంటూరు సర్కారు మాత్రం నైజాం వైపు ఉండేది. అదీ 1788లో కంపెనీ చేతికే వచ్చింది. అటు శిస్తు అడిగేవాళ్ళు కొందరు, ఇటు అడిగేవాళ్ళు మరికొందరు. బాకీ పడితే సిపాయిలొచ్చి కోట గుమ్మంలో కూర్చునేవాళ్ళు.

చింతపల్లిలో ఉండగా కంపెనీ వాళ్ళతో ఆయనకు పొసగలేదు. మనసు విరిగింది. 1796 ప్రాంతంలో ఆ ఊరొదిలి, నదికి దిగువన అమరేశ్వరుడి సన్నిధిలో కొత్త ఊరు కట్టుకోవాలని నిర్ణయించుకున్నారు. ముప్ఫై అయిదేళ్ళ వయసులో పుట్టి పెరిగిన ఇల్లొదిలి కొత్తచోట సంసారం పెట్టడం ఎలా ఉంటుందో పెళ్ళయిన ఆడవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే మనం పెట్టె బేడా సర్దుకుని పోతాం. ఆయన ఊరినే కట్టించారు.

వీధుల్లోకి

రేవు నుంచి బజారు వైపు నడుద్దాం. ఈ వీధుల్లో తిరుగుతుంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇవి దానంతటదే పెరిగిన పల్లెలోని సందులు కావు. ఒక మనిషి ఇక్కడ పట్నం ఉండాలని తలపెట్టి వేయించిన వీధులు. ఊరంటే ఇళ్ళే కాదుగా, మనుషులు కావాలి. అందుకని ఆయన దూరప్రాంతాల నుంచి వర్తకులను, కోమట్లను, పనివాళ్ళను పిలిపించారు. ఇళ్ళు కట్టుకోవడానికి సాయం చేశారు. పండితులను పోషించారు. దేవీ భాగవతాన్ని తెనిగించిన ములుగు పాపయారాధ్యులు ఆయన ఆస్థానంలోని వారే.

మా పిన్ని ఒకసారి ఈ వీధిలో నిలబడి, ఇంత ఊరు కట్టడానికి రాయి ఎక్కడ దొరికిందే అని అడిగింది. ఇల్లు కట్టించిన అనుభవం ఉన్న మనిషి కదా, సామాను ధర ముందు గుర్తొచ్చినట్టుంది. నిజానికి ఈ నడకలో అసలు ప్రశ్న అదే. దానికి జవాబు వీధుల్లో లేదు. ఇంకొంచెం నడిస్తే వచ్చే దిబ్బ దగ్గర ఉంది.

దీపాలదిన్నె

అమరావతిని ఆనుకునే ధరణికోట ఉంది. శాతవాహనుల కాలంలో అదొక మహానగరం. మట్టి కోటగోడల ఆనవాళ్ళు కనిపిస్తాయి. ఆ నగరం పక్కన క్రీస్తుకు పూర్వమే మొదలై, క్రీస్తుశకం రెండు మూడు శతాబ్దాల నాటికి నిండు వైభవానికి వచ్చిన మహాస్తూపం ఉండేది. తర్వాత బౌద్ధం తగ్గింది, జనం మరిచిపోయారు, మట్టి కప్పేసింది. రాజావారు వచ్చేసరికి అదొక పెద్ద దిబ్బ. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని దీపాలదిన్నె అనేవారు. అందులో ఏముందో ఎవరికీ తెలీదు.

కొత్త ఊరికి ఇటుకా రాయీ కావలసి వచ్చింది. ధరణికోట పాత గోడల్ని, ఈ దిబ్బనూ తవ్వడం మొదలుపెట్టారు. లోపల నిధి ఉందేమోనన్న ఆశ కూడా ఉందంటారు. పలుగు తగిలినచోటల్లా చెక్కిన రాళ్ళు బయటపడ్డాయి. తెల్లగా, నున్నగా ఉంటే పాలరాయి అనుకున్నారు గానీ, అది పలనాటి సున్నపురాయి. కొన్ని రాళ్ళు కట్టడాల్లోకి పోయాయి. కొన్ని మెట్లయ్యాయి. సున్నపురాయి కాబట్టి కొన్ని బట్టీల్లో కాలి గోడలకు సున్నమయ్యాయి.

1797లో కాలిన్ మెకంజీ అనే కంపెనీ ఉద్యోగి ఈ సంగతి విని చూడటానికి వచ్చాడు. ఆయన సర్వేదారు, పాత సంగతులంటే చెవి కోసుకునేవాడు. ఆ రాళ్ళను చూసి అవి మామూలువి కావని గ్రహించాడు. ఇరవై ఏళ్ళకు దగ్గర పడుతుండగా, 1816లో, తన బృందంతో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడిమి భాగం పోయి గుంట అయింది. అక్కడ చెరువు తవ్వించడం మొదలుపెట్టారు. ఇక చేసేదేముంది? మిగిలినవాటి బొమ్మలు శ్రద్ధగా గీయించాడు. ఇవాళ ఆ స్తూపం ఎలా ఉండేదో మనకు తెలిసిందంటే ఆ బొమ్మలు కూడా ఒక కారణం.

ఇప్పుడు మీరక్కడికి వెళితే పచ్చిక మధ్య గుండ్రటి ఇటుక అరుగు, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి పలకలు కనిపిస్తాయి. చెట్ల నీడ ఉంది, కూర్చోవచ్చు. పిల్లలు, ఇంతేనా, అంటారు. ఇంతే మిగిలింది మరి. మిగతావి ఎక్కడెక్కడికి పోయాయో వరసగా చెబుతాను. కొన్ని కలకత్తాకు. కొన్ని బందరుకు, అక్కడ రాబర్ట్‌సన్ పేట కూడలిలో అలంకారంగా నిలబెట్టారు. 1845లో సర్ వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకు పోయి, ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియం వాటిని తీసుకుంది. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో మరికొన్ని. మా మేనకోడలు లండన్‌లో వాటిని చూసింది. అద్దాల వెనక అంత భద్రంగా ఉన్నాయి అత్తయ్యా, ఏడవాలో సంతోషించాలో తెలీలేదంది. నాకూ తెలీదు.

రాళ్ళమీద ఆడవాళ్ళ పేర్లు

ఇక్కడ ఒక్క విషయం మాత్రం ఎవరు వచ్చినా వదలకుండా చెబుతాను. ఆ స్తూపాన్ని ఒక్క రాజు కట్టలేదు. ఒక స్తంభం ఒకరిది, ఒక పలక ఇంకొకరిది. ఎవరిచ్చారో ఆ రాతిమీదే బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కించారు. వర్తకులు, భిక్షువులు, ఉద్యోగులు ఉన్నారు. విధికుడనే చర్మకారుడు తన ఇంటివాళ్ళతో కలిసి పూర్ణకుంభం పలక ఇచ్చాడు. వీళ్ళందరితో పాటు ఆడవాళ్ళున్నారు. ఒకరిద్దరు కాదు, చాలామంది. భిక్షుణులు, ఉపాసికలు, ఇల్లాళ్ళు. కూతుళ్ళతో, కోడళ్ళతో, చెల్లెళ్ళతో కలిసి ఇచ్చామని రాయించుకున్నవాళ్ళు.

పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట ఇక్కడి ఇల్లాలు తన పేరు రాతిమీద చెక్కించుకోగలిగింది. ఆ డబ్బు ఎలా కూడబెట్టిందో, మొగుడిని ఎలా ఒప్పించిందో మనం ఊహించుకోవలసిందే. కథలు రాసేదాన్ని కనుక నాకా ఊహ ఊరికే వస్తుంటుంది. ఆ పేర్లలో కొన్ని సున్నపు బట్టీలో కాలిపోయాయనుకున్నప్పుడు మాత్రం కడుపులో దేవినట్టు అవుతుంది.

రాజావారికి ఆ లిపి తెలీదు. అప్పటికి దాన్ని చదవగలిగినవాళ్ళు ప్రపంచంలోనే లేరు. బ్రాహ్మీని ప్రిన్సెప్ చదివింది 1837లో, అంటే రాజావారు పోయిన ఇరవై ఏళ్ళకు. కావాలని చేసిన పాపం కాదది. ఆయన తవ్వించకపోతే ఆ దిబ్బ సంగతి అప్పట్లో బయటి లోకానికి తెలిసేదే కాదని కూడా అనొచ్చు. అయినా పోయినవి పోయినట్టే. ఈ రెండూ నిజాలే. నేను రెండూ చెబుతాను. ఏది ఎక్కువ అన్నది విన్నవాళ్ళకే వదిలేస్తాను.

పక్కనే మ్యూజియం ఉంది. తప్పకుండా చూడండి.

గుడిలో

ఎండెక్కేలోగా గుడికి వెళదాం. పంచారామాల్లో ఇది అమరారామం. తారకాసురుడి మెడలోని లింగం అయిదు ముక్కలై పడితే ఇక్కడి ముక్కను ఇంద్రుడు ప్రతిష్ఠించాడని పురాణం. కృష్ణ ఒడ్డున క్రౌంచశైలమనే చిన్న గుట్ట మీద కోవెల. పదిహేను అడుగుల ఎత్తున్న తెల్లటి లింగం. పైఅంతస్తు ఎక్కి అభిషేకం చేస్తారు. లింగం పెరుగుతూ పోతుంటే మేకు కొట్టి ఆపారని చెప్పుకుంటారు. అమ్మవారు బాలచాముండిక. శివరాత్రికి ఇసుక వేస్తే రాలనంత జనం.

గుడి చాలా పాతది. దాన్ని బాగుచేయించి, కొత్త కళ తెచ్చింది వేంకటాద్రి నాయుడు. అందుకే ఆయన ప్రతిమ ఇక్కడ ఉంది. దాని ముందు నిలబెట్టి ఆయన దానధర్మాలు చెబితే అందరూ చేతులు జోడిస్తారు. ఇక్కడొక్కచోటే కాదు. మంగళగిరిలో లక్ష్మీనరసింహస్వామి దిగువ సన్నిధి గాలిగోపురం ఆయనదే. 1807 నుంచి 1809 వరకు కట్టించారు. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. అంత ఎత్తుకు పోయి కేవలం 49 అడుగుల వెడల్పు. కట్టాక ఒకవైపు ఒరిగిందనీ, కంచి నుంచి వచ్చిన శిల్పుల సలహాపై ఎదురుగా కోనేరు తవ్విస్తే నిటారు అయిందనీ చెబుతారు. చేబ్రోలులో చెరువు మధ్య చతుర్ముఖ బ్రహ్మ ఆలయం కూడా ఆయన కట్టించిందే. బ్రహ్మదేవుడికి గుళ్ళెంత అరుదో మీకు తెలుసు.

ఇన్ని గుళ్ళు ఎందుకు కట్టించాడమ్మా, అని మా ఆడపడుచు కూతురు ఒకసారి అడిగింది. పదకొండేళ్ళ పిల్ల. భక్తి అని చెప్పి ఊరుకోవచ్చు. చాలామంది అలాగే చెబుతారు. నేను పిల్లని ఓ మెట్టు మీద కూర్చోబెట్టి ఉన్నది చెప్పాను.

అమరావతికి దగ్గర్లోనే నరుకుళ్ళపాడు అనే ఊరు ఉంది. పేరులోనే కథ ఉంది. అప్పట్లో చెంచులు ఊళ్ళ మీద పడి దోచుకుపోతున్నారని రాజావారికి కోపం వచ్చిందట. వాళ్ళను విందుకని పిలిపించి, వచ్చినవాళ్ళను వచ్చినట్టే నరికించారని ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆరు వందల మంది అంటారు. ఆ తర్వాత ఆయనకు అన్నం సహించలేదట. కంచంలోని మెతుకులు పురుగుల్లా కనిపించేవట. ఆ పాపం పోగొట్టుకోవడానికే శివుడి పాదాల దగ్గరికొచ్చి, ఊరు కట్టి, గుళ్ళు కట్టి, దానాలు చేశారని చెబుతారు.

జనం నోట నిలిచిన కథలో ఏ అక్షరం ఎంత నిజమో తూకం వేయలేం. కానీ ఒకటి గమనించండి. రాజావారిని దేవుడిలా చూసుకున్న జనమే ఈ కథనూ దాచలేదు. గుడి గోపురం పేరూ చెప్పారు, నరుకుళ్ళపాడు పేరూ చెప్పారు. అన్నానికి పిలిచి చంపడం మన ఇళ్ళలో ఊహకు కూడా రాని సంగతి. శత్రువైనా విస్తరి ముందు కూర్చుంటే అతిథే. అందుకే శిక్ష కూడా కంచంలోనే పడిందని కథ చెప్పినవాళ్ళు అనుకున్నారేమో. ఈ కథను మొదట చెప్పింది ఎవరో ఒక ఇల్లాలై ఉంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఆ పిల్ల చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, చచ్చిపోయిన చెంచువాళ్ళ పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా అని అడిగింది. లేవని చెప్పాను.

ఇద్దరు దత్తులు, ఒక తీర్పు

మళ్ళీ రేవు దగ్గరికొచ్చి కూర్చుంటాం. ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర పొట్లాలు విప్పుతాం. కథలో చివరి భాగం ఇక్కడ చెబుతాను, ఎందుకంటే ఇది పూర్తిగా ఇంటి కథ.

అంత ఐశ్వర్యమున్న మనిషి దత్తత చేసుకున్నారు. ఒకరిని కాదు, ఇద్దరిని. ముందు జగన్నాథ బాబు, ఆ తర్వాత రామనాథ బాబు. ఇద్దరూ ఉంటే ఇల్లు నిండుగా ఉంటుందనుకున్నారో, ఒకరికి ఒకరు తోడనుకున్నారో! 1817లో రాజావారు కన్నుమూశారు. ఆయన పోవడమేమిటి, ఇద్దరి మధ్యా వ్యాజ్యం మొదలైంది. జమీందారీ ఎవరిది? మొదటి దత్తుడు బతికి ఉండగా రెండో దత్తత చెల్లుతుందా?

ఆ గొడవ ఏళ్ళ తరబడి సాగింది. ఈలోగా జమీందారీ వ్యవహారాలు గుమస్తాల, ఉద్యోగుల చేతుల్లో పడ్డాయి. శిస్తు బాకీలు పేరుకున్నాయి. అది చాలదన్నట్టు 1832, 33లలో నందన కరువు వచ్చింది. ఒక్క గుంటూరు జిల్లాలోనే లక్షన్నర మందికి తక్కువ కాకుండా పోయారని లెక్క. తిండి కోసం పిల్లల్ని ఎత్తుకుని మద్రాసు దారి పట్టిన తల్లులెందరో. పండించేవాడు లేకపోతే శిస్తు కట్టేదెవరు?

జిల్లా ఎందుకింత చితికిపోయిందో విచారించమని కంపెనీ ఒక పెద్ద అధికారిని పంపింది. ఆయనెవరో తెలుసా? ఇందాక దిబ్బ దగ్గర చెప్పుకున్న వాల్టర్ ఇలియటే. ఒక చేత్తో ఈ జమీందారీ పతనం గురించి నివేదిక రాస్తూ, ఇంకో చేత్తో దీపాలదిన్నె తవ్వించాడు. జమీందారీ చివరికి సర్కారు పరమైంది.

వ్యాజ్యం మాత్రం సముద్రాలు దాటి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1846లో తీర్పు వచ్చింది. ఒక దత్తపుత్రుడు బతికి ఉండగా ఇంకొకరిని దత్తత చేసుకోవడం చెల్లదని. తీర్పు వచ్చేనాటికి పంచుకోవడానికి మిగిలిందేముంది గనక!

హిందూ ధర్మశాస్త్రం చదివే వకీళ్ళందరికీ ఆ కేసు తెలుసు. కానీ వాళ్ళకు అది వేంకటాద్రి నాయుడి పేరుతో తెలీదు, జగన్నాథ, రామనాథుల పేర్లతోనూ తెలీదు. దాని పేరు రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ. చూశారా? కోట కట్టింది మగవాళ్ళు, కొట్లాట మొదలుపెట్టింది మగవాళ్ళు. చివరికి వ్యాజ్యాన్ని మోసిన పేర్లు ఇద్దరు ఆడవాళ్ళవి. పరదా దాటని ఇళ్ళ నుంచి లండన్ కోర్టు దాకా ఆ పేర్లు వెళ్ళాయి.

ఆ తీర్పులోని సూత్రమే 1956లో వచ్చిన హిందూ దత్తత చట్టంలోనూ ఉంది. కొడుకుండగా మరో కొడుకును దత్తత చేసుకోకూడదు. అయితే ఆ చట్టం ఇంకో మంచి పని కూడా చేసింది. కూతుర్ని కూడా దత్తత చేసుకోవచ్చంది. మన రాష్ట్రంలో 1985లో ఆడపిల్లలకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. ఆ ఇంట్లో కూతురికి హక్కుండే రోజులే అయితే, రెండు దత్తతలు చేసుకునే ఆలోచన పుట్టేదేనా అనుకుంటాను నేను. పులిహోర తింటూ మేమందరం దీని మీద గంటసేపు వాదించుకున్న రోజులున్నాయి. మా అత్తగారు ఒక్కరే, ఆస్తి ఉన్నచోట ఏ చట్టమున్నా కొట్లాట తప్పదని తేల్చేస్తారు.

మీరు వెళితే

ఈ నడకకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. గుంటూరు నుంచి బస్సులున్నాయి. పొద్దున ఏడింటికల్లా ఊళ్ళో దిగండి. తేలిగ్గా విప్పుకునే చెప్పులు, నీళ్ళ సీసా, తలకు కొంగో గొడుగో చాలు. శుక్రవారం మ్యూజియం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి. గుడి, వీధులు, దిబ్బ, మ్యూజియం అన్నీ నడిచే దూరంలోనే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటే దిబ్బ దాకా ఆటో మాట్లాడుకోండి. వీలుంటే తిరుగు ప్రయాణంలో మంగళగిరి మీదుగా వచ్చి ఆ గోపురం కూడా చూడండి. కింద నిలబడి తలెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది.

మీతో పిల్లలుంటే రాజావారి కథ మొత్తం చెప్పండి. గోపురాలు కట్టిన సంగతి చెప్పండి, దిబ్బ సంగతి చెప్పండి, విందు సంగతి కూడా చెప్పండి. భయపడతారేమోనని మనం దాచిపెడతాం గానీ, పిల్లలకు మనం అనుకున్నదానికంటే ఎక్కువే అర్థమవుతుంది. ఒక మనిషి మంచీ చెడూ రెండూ చేయగలడని చిన్నప్పుడే తెలిస్తే, రేపు పెద్దయ్యాక ఎవరినీ గుడ్డిగా నెత్తినెక్కించుకోరు, గుడ్డిగా కొట్టిపారెయ్యరు.

మ్యూజియంలో మాత్రం తొందరపడకండి. అక్షరాలున్న రాయి కనిపిస్తే కాసేపు ఆగండి. మనకు చదవడం రాకపోయినా ఫర్వాలేదు. పక్కనున్న వివరణ చూడండి. ఇచ్చింది ఒక ఇల్లాలని రాసి ఉంటే, మీ అమ్మాయిని పిలిచి చూపించండి.